పుట్టింటిపేరు

స్కాట్లాండ్‌లో, డండీ ఊళ్లో, మా లైబ్రరీకి
కంప్యూటర్లు ఆరు. పనిచేసేవి నాలుగు.
మనిషికి గంట. మంగళవారం సెలవు.

నెట్టా కార్గిల్ ఒక ఉత్తరం పట్టుకొచ్చింది,
మడతల దగ్గర చిరిగేదాకా చదివినది.
"మీ పరీక్ష ఫలితం ఆన్‌లైన్‌లో సిద్ధంగా ఉంది."
రొమ్ములోంచి సూదితో తీసిన ముక్క సంగతి
పన్నెండు రోజులుగా ఎక్కడో సిద్ధంగా ఉంది.

ఫోన్ చేసి అడగొచ్చుగా, అన్నాను.
చెవి ముందు అరచెయ్యి అడ్డంగా ఊపింది.
పదిహేనో ఏట జనపనార మిల్లులో చేరిందట.
మగ్గాల మోత ముప్ఫయ్యేళ్లూ
ఆమె చెవుల్ని కొంచెం కొంచెంగా కొరుక్కు తింది.
"నా వైపు తిరిగి మాట్లాడబ్బాయ్,
నేను పెదాలు చదువుతాను."

కౌన్సిల్ వాళ్లిచ్చిన టాబ్లెట్ ఇంట్లో ఉందట.
అది వేలిముద్ర అడిగిందట.
నార లాగి లాగి నున్నబడ్డ బొటనవేలు
నాలుగుసార్లు ఆనిస్తే
నాలుగుసార్లూ నువ్వెవరో తెలియదందట.
దాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది.

ఇక్కడేమో నేను రోబోను కాను అని ఒప్పుకోమంది.
గంట కొడితే పనిలోకి, గంట కొడితే తిండికి,
గంట కొడితే ఇంటికి నడిచిన మనిషి
కాసేపు ఆలోచించి
గడిలో టిక్కు పెట్టింది.

ఆ తర్వాతి ప్రశ్న:
మీ అమ్మ పుట్టింటిపేరు?

గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ నిలబడింది.

"కార్గిల్ అనేది వీధి పేరు," అంది నెట్టా.
"నేను దొరికిన మెట్లున్న వీధి.
నెట్టా ఆ పూట డ్యూటీలో ఉన్న నర్సు పేరు.
అమ్మే తెలియనిదానికి
అమ్మ పుట్టిల్లెక్కడిది?"

నేను గొంతు సవరించుకున్నాను,
ఆమెకి వినబడదని తెలిసి కూడా.
దానికి నిజం అక్కర్లేదండీ, అన్నాను.
ఏదో ఒకటి రాయండి. మళ్లీ అడిగితే
అదే చెప్పాలి, అంతే.

ఏదో ఒకటి రాసే మనిషి కాదు.
ఆరు నిమిషాలు పోయాయి.
అప్పుడు ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతికి
మెక్‌గ్లాషన్ అని కొట్టింది.
ఎవరు? అని నా పెదాలు అడిగాయి.
"పక్క మగ్గం. పెదాలు చదవడం నేర్పింది.
మాట నేర్పినావిడే కదా!"

పేజీ తెరుచుకుంది.
జనాల ఫలితాలు చదివి చెప్పకూడదని
మాకొక నిబంధన ఉంది.
అది నాకు సాయంత్రం గుర్తొచ్చింది.

బినైన్, అన్నాను.
ఆమె మొహంలో నెత్తురు ఇంకిపోయింది.
"నైనా? తొమ్మిదా?
మొత్తం ఎంతకి తొమ్మిది?"

కాదు కాదు కాదు.
బస్సు టైములు అచ్చేసిన కాగితం తిరగేసి
పెద్దక్షరాలతో రాశాను:
అది క్యాన్సర్ కాదు.

ఒకసారి చదివింది.
వేలు కింద పెట్టి మళ్లీ చదివింది.
"పన్నెండు రోజులు," అంది,
"ఇటువైపు చెయ్యి తగలకుండా స్నానం చేశాను."

గంటలో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి.
ఇంకేమైనా చూస్తారా అంటే
సిగ్గుపడుతూ అడిగింది:
"జనుము మొక్క ఎలా ఉంటుంది?
నార తెలుసు. దుమ్ము తెలుసు, దగ్గు తెలుసు.
మొక్కని ఎప్పుడూ చూళ్లేదు."

బంగ్లాదేశ్‌లో ఎవరో తీసిన వీడియో.
మనిషిని మించిన ఎత్తు,
మొలలోతు నీళ్లలో నిలబడ్డ చేను.
"ఇంత పచ్చగా ఉండేదా!" అంది,
"మా దగ్గరికొచ్చేసరికి తాడు రంగు."

కోత కోస్తున్న రైతు నడుమెత్తి
కెమెరాతో ఏదో అంటున్నాడు.
నెట్టా తెర మీదికి వంగింది,
కళ్లు చిట్లించి అతని పెదాలే చూస్తూ.
ఏమంటున్నాడు? అని అడిగాను.
"ఆగు," అంది,
"భాష తెలీడం లేదు కానీ
మోకాళ్ల నొప్పి గురించే అనుకుంటా."

టైమైపోయింది.
అతని మాట సగంలో తెర నల్లబడింది.
వెనక కుర్చీలోంచి ఒకాయన
అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు,
మడిచిన ఉత్తరంతో.