ఏడో గడి

ముమ్మిడివరంలో మా ల్యాబు షట్టరు
ఆరింటికి ఎత్తేసరికే మెట్ల మీద సీసాలుంటాయి.
కూల్‌డ్రింకు సీసాల్లో చెరువునీళ్ళు,
మెడకి రబ్బరుబ్యాండుతో చీటీలు:
పల్లం, రెండో చెరువు. చిర్రయానాం, సముద్రం వైపుది.
ఆరు గడులు నింపుతాను.
పీహెచ్, ఉప్పు, ఆక్సిజన్, క్షారం, అమ్మోనియా, నైట్రైటు.
కింద సంతకం: పి. కరుణజ్యోతి.

ఏడో గడి ఇంటిదగ్గర నోటుబుక్కులో ఉంటుంది.
ఒకటి నుంచి పది.
ఒకటంటే పళ్ళు తోముకోడం కూడా ఏటికి ఎదురీత.
పదంటే
పది ఎప్పుడూ రాయలేదు.
పదిలో ఉన్నప్పుడు నోటుబుక్కు ఎవరిక్కావాలి?
ఆ నెల పేజీలు ఖాళీ.
చీటీ పాడిన నలభైవేలూ, పదకొండు చీరలూ,
నేను పెట్టబోయిన సొంత ల్యాబుకి అడ్వాన్సూ
తరవాత వేరే వాళ్ళు లెక్కేసి చెప్పారు.

"ఇంట్లో ఇంకొకరి చేత కూడా లెక్క పెట్టించు"
అంది కాకినాడ డాక్టరమ్మ.
ఇంట్లో ఉన్నది గంగాభాగ్యం పిన్ని.
అక్షరం ముక్క రాదు, పాలలెక్క మాత్రం తప్పదు.
వంటింటి తలుపు వెనక సున్నపుగోడ మీద
నేను పడుకున్న గంటకో బొగ్గుగీత.
నీకెలా తెలుస్తుందే అంటే
"నీ మంచం కిర్రుమనకపోతే గీత, ఆయ్."

పచ్చనీళ్ళ సంగతి రైతులకి చెప్పడం కష్టం.
సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి మురిసిపోతారు:
చూడమ్మా, చిలకరెక్కలా ఎలాగుందో!
మధ్యాహ్నం ఆక్సిజన్ పద్నాలుగు చూపిస్తుంది మీటరు.
అదేనండీ నా భయం, అంటాను.
పగలంత పొంగిన చెరువు
తెల్లారగట్ల నాలుగింటికి ఊపిరి కోసం తడుముకుంటుంది,
రొయ్య గట్టువారకి చేరి మీసాలు పైకెత్తుతుంది.
ఇంత చిన్నవయసులో ఎలా తెలుసమ్మా, అంటారు.
పుస్తకంలో ఉందండీ.
అబద్ధం కాదు. ఏ పుస్తకమో చెప్పలేదంతే.

ఫాల్గుణంలో ఓ మంగళవారం తొమ్మిది రాశాను.
పక్కన: ఇన్నాళ్ళకి నేను నేనుగా ఉన్నాను.
తలుపు వెనక ఆ రాత్రికి రెండే గీతలు.
ముందురోజు మూడు. ఆ ముందు నాలుగున్నర,
అరగీతని పిన్ని వంకరగా గీసింది.
పోట్లాడాను.
సంతోషంగా ఉండటం కూడా జబ్బేనా?
నా సంతోషాన్ని బొగ్గుతో కొలుస్తావా?
పిన్ని చెయ్యి కొంగుకి తుడుచుకుని
"నాకేం తెలుసే, నేను గీతలు గీశాను" అంది.
చాలాసేపు ఏడ్చి, ఎనిమిదిన్నర బస్సెక్కాను.
ఎదుర్లంక వంతెన కింద గౌతమి
పోటో పాటో తెలీకుండా నిలబడి ఉంది.

నాదీ ఉప్పే. తెల్లటి మాత్ర, రోజుకి రెండు.
మూణ్ణెల్లకోసారి నా రక్తం
చిన్న సీసాలో, చీటీ అంటించుకుని
ఎవరో అమ్మాయి బల్ల మీదకి వెళ్తుంది.
ఎక్కువైతే చేతులు వణుకుతాయి.
తక్కువైతే, ఆ ఖాళీ పేజీలు.
ఆ అమ్మాయి గడి నింపి సంతకం పెడుతుంది.
తన ఏడో గడిలో ఏముందో నేనడగను.

ఈవేళ ఐదు.
నిద్ర ఏడు గీతలు.
ఒళ్ళు పొద్దున్న తడిసిన గోనెసంచి,
సాయంత్రానికి కొంచెం ఆరింది.
ఎవరికీ ఫోను చెయ్యలేదు, వచ్చిన ఫోను తప్పించుకోలేదు.
ఒకప్పుడు ఐదంటే అసహ్యం నాకు,
ఉప్పులేని చారులా.

షట్టరు దించబోతుంటే
తడి లుంగీతో ఆఖరి సీసా తెచ్చాడు ఓలేటి పోతురాజు.
మీటరు ముందు అరగంట కూచుని అడిగాడు,
"ఎలాగుందమ్మా మా నీరు?"

బాగానే ఉందండి.
బాగున్నా సరే,
రాత్రి ఏరేటర్లు మాత్రం ఆపకండి.