పన్నెండొందల గొంతు

తొమ్మిదింపావుకి మార్కెట్ తెరుస్తారు.
ఆరున్నరకే మేం తెరుచుకుంటాం,
ఆర్కే బీచ్ పిట్టగోడ మీద,
కనకరత్నం గారి ఫ్లాస్కులోని అల్లం టీ చుట్టూ.
ఐదుగురం.
ఆవిడ ఎల్లైసీలో చేసి రిటైరయ్యారు.
సన్యాసినాయుడికి కంచరపాలెంలో రేడియేటర్ల షాపు.
హేమసుందర్‌కి మీసం ఇంకా కుదురుకోలేదు,
డీమ్యాట్ ఖాతాలు మాత్రం మూడు.
నేను పోర్టులో టగ్గు నడిపినవాణ్ణి, ముప్పై ఒక్క ఏళ్లు.
ఐదో ఆయన వినడానికి వస్తాడు,
పేరు ఎవరం అడగలేదు.

ఆ రోజు మాట
రొయ్యల మేత కంపెనీ మీదకి పోయింది.
కప్పు అంచు తుడుచుకుంటూ
నాయుడు మెల్లగా అన్నాడు:
"అమ్మకాలు పెరిగాయి గానీ గురూ,
బాకీలు వసూలవుతున్నట్టు లేదు.
నాకెందుకో..."

ఆ 'నాకెందుకో' దగ్గరే తుంచేశాను.
"చెరువు గట్టు ఎప్పుడైనా తొక్కావా?
బ్యాలెన్స్ షీటంటే రేడియేటర్ కాదు,
కన్నం కనపడగానే టంకం పెట్టేయడానికి!"
అందరూ నవ్వారు. పేరులేని ఆయన కూడా.
నాయుడు కూడా నవ్వాడు,
అది బాగా గుర్తుంది.

అరిచింది నేననుకున్నాను.
కాదు.
నా గొంతులో పన్నెండొందల షేర్లు అరిచాయి,
నూట నలభై రెండు చొప్పున కొన్నవి,
ఉన్నాయని ఎవరికీ చెప్పనివి.
తన కుండలో పెరుగు పులిసిందని
ఎవరు ఒప్పుకుంటారు?

నెల తిరిగాక ఒక మంగళవారం
ఆ కంపెనీ ఆడిటరు తప్పుకున్నాడు.
మూడు రోజులు వరసగా లోయర్ సర్క్యూట్.
అమ్ముదామంటే కొనే నాథుడు లేడు.
నాలుగో రోజు బీచికి వెళ్లాను,
'ముందే చెప్పానా లేదా' అనే దెబ్బకి
వీపు సిద్ధం చేసుకుని.

నాయుడు ఆ మాట అనలేదు.
టీ నా చేతికిచ్చి, నీళ్లకేసి చూస్తూ
"నేనూ మూడొందలు కొన్నాను" అన్నాడు.
"ఎప్పుడు?"
"ఆ రోజే, ఇంటికెళ్లగానే.
అంత గట్టిగా చెప్తున్నావంటే
నీకేదో తెలుసనుకున్నాను."

కనకరత్నం గారు ఫ్లాస్కు మూత
బిగించినదాన్నే మళ్లీ బిగించారు.

అవతల డాల్ఫిన్ నోస్ కింద
ఏదో ఓడ లోపలికి మలుపు తీసుకుంటోంది.
ఒక్క పొట్టి కూత: కుడికి.
రెండైతే ఎడమకి.
ఇరుకు కాలవలో
ఎటు తిరుగుతున్నామో ముందు కూసి చెప్పాలి,
ఆ తర్వాతే చుక్కాని.
ముప్పై ఒక్క ఏళ్లలో
ఒక్కసారీ తప్పలేదు నేను,
నీళ్ల మీద.

ఇవాళ హేమసుందర్
నా సిమెంటు కంపెనీ మీద పడ్డాడు.
"పరమ చెత్త, అంకుల్" అన్నాడు,
వాడికి తెలిసిన మర్యాద ఆ చివరి మాట ఒక్కటే.
గొంతు లేచింది, పాత దారిలోనే.
పట్టుకుని కిందికి దించి
"నా దగ్గర నాలుగొందలున్నాయి" అన్నాను ముందు.
"ఇప్పుడు చెప్పు, ఎందుకు చెత్త?"
వాడు తడబడ్డాడు.
మూడు కారణాలు చెప్పాడు. రెండు తప్పు.
మూడోది ఇంకా నములుతున్నాను.

నాయుడు ఆ మూడొందలూ
అమ్మాడో ఉంచుకున్నాడో తెలీదు.
అడగాలి.
రేపు,
ఫ్లాస్కు మూత తీయకముందే.