రెండో చెయ్యి

స్కోరు పుస్తకంలో నేను రాసేది పాయింట్లు.
ఎవరు కొడితే బంతి పడిందో ఆ నంబరు,
ఎవరు కొడితే బయటికి పోయిందో ఆ నంబరు.
మధ్యలో ఎత్తి ఇచ్చినవాడికి గడి లేదు.
అందుకే ఇరవై రెండేళ్ళుగా
దార్ల ఇస్సాకు నా పుస్తకాల్లో
ఆట మొదలవకముందే అయిపోతాడు,
పేర్ల పట్టీలో, ఆరో వరసలో.
ఒక్క పేజీ తప్ప. దాని సంగతి తర్వాత.

మొదట చూసింది సింగరాయకొండలో,
హైస్కూలు వెనక, ట్యూబులైట్ల కింద.
పదిహేడేళ్ళవాడు, ఉలవపాడు నుంచి
మామిడికాయల ఆటోలో వచ్చాడు.
చొక్కా మీద సొన మరకలు,
అన్న బూట్లలో ముందువైపు కుక్కిన పేపరు.
వేళ్ళు మాత్రం
పొయ్యి మీద గిన్నె దించేవాళ్ళ వేళ్ళు:
పట్టాయని తెలిసేలోపే వదిలేసేవి.

ఆ రాత్రి కూలి బస్సు చార్జీ, రెండు పరోటాలు, యాభై నోటు.
"మళ్ళీ వస్తావా అబ్బయా?" అన్నాడు కమిటీ పెద్ద.
"యాడికైనా వస్తా" అన్నాడు.
అన్నమాట నిలబెట్టుకున్నాడు. అదే వచ్చిన చిక్కు.

కందుకూరుకి రెండు వేసవులు.
పొదిలికి ఒకటి, అక్కడ డబ్బులెగ్గొట్టారు,
ఆఖరి బస్సు పోయింది,
బస్టాండు బల్ల మీద నెట్టు చుట్టి తలకింద పెట్టుకున్నాడు.
చీమకుర్తి గ్రానైటువాళ్ళకి మూడేళ్ళు,
క్వారీలో లారీల లెక్క రాసే ఉద్యోగం ఇస్తామంటే.
రాయి ధర పడింది, జట్టు పోయింది,
బనీను మీద 'గ్రానై' వరకు మిగిలింది.
ఆపైన కావలి రొయ్యల మేత కంపెనీ.
ఆపైన పిలిచినవాళ్ళు.
టంగుటూరు బ్యారన్ దగ్గర పచ్చాకు కర్రలకి కట్టిన ఏడు
జిగురంటితే బంతి వదలదని
ప్రతి ఆదివారం అరగంట
నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకునేవాడు.

ఒకసారి ఒంగోలు నుంచి పిలుపొచ్చింది.
రాష్ట్ర జట్టు శిబిరం.
రైలు టిక్కెట్లు పన్నెండు, ఇతను పదమూడోవాడు.
జిల్లా పేజీలో ఫొటో పడింది,
కుడి చివర, సగం భుజం.
కింద పేర్లలో 'తదితరులు' ఇతనే.
"వానకి తడిసిపోయింది సార్ ఆ పేపరు" అంటాడు.
తడవలేదు. కరుణమ్మ బైబిల్లో దాచింది,
కీర్తనల దగ్గర. నాకు చూపించింది.

వాళ్ళింట్లో ఐదు గోడగడియారాలు,
అన్నీ రెండో బహుమతులు, మూడో బహుమతులు.
దాత పేరు పెద్దది, ముళ్ళు చిన్నవి.
ఐదూ ఐదు టైములు చెబుతాయి.
"దర్శిది కాస్త నయం,
పది నిమిషాలే తప్పు" అంటుందామె.

ఇప్పుడు ఆ పేజీ.
కావలి తరఫున ఫైనలు, అవతల ఉలవపాడు.
వల దగ్గర సొంత తమ్ముడు యోనా.
అయిదో సెట్టు, పద్నాలుగు, పదమూడు.
షూటరు గాల్లోకి లేచాడు,
యోనా కూడా లేచాడు అతని మీదికి,
ఊరంతా ఇస్సాకూ అని కేక,
పిలుపో తిట్టో తేల్చుకునే వ్యవధి లేదు.
ఎత్తినట్టే ఎత్తి, రెండో చెయ్యితోనే,
అవతలికి జారవిడిచాడు.
ఈకంత చప్పుడు లేదు.
పదిహేను. ఏడో నంబరు.
నీలం సిరా కొంచెం చెదిరింది, చూడండి.
ఆ క్రిస్మస్‌కి తమ్ముడు కేకు పంపలేదు.

మొన్న విడవలూరులో
ముప్పైతొమ్మిదేళ్ళ మోకాలికి పట్టీ చుట్టుకుని
బెంచీ మీద కూర్చున్నాడు, నాలుగు సెట్లూ.
అయిదోదానికి లేచాడు, తొమ్మిది బంతులెత్తాడు,
రెండు మరీ తక్కువెత్తులో.
కుర్ర షూటరు విసుక్కున్నాడు.
వాడి తప్పేమీ లేదు.

తిరుగు బస్సులో టిక్కెట్లు నేనే తీశాను.
నెల్లూరు దీపాలు కనపడేదాకా మాట్లాడలేదు.
అప్పుడు,
"వచ్చే నెల ఆత్మకూరులో టోర్నీ సార్.
లిఫ్టరు కావాలంట."
"ఎవరి తరఫున?" అన్నాను.
మోకాలు నొక్కుకుంటా
కిటికీలోంచి చూశాడు.
"అడగలా."