గూట్లో కొత్త పిట్ట

రాత్రి తొమ్మిదికి ఫోన్‌లో అలారం.
ఉర్ఫాలో సగం ఊరు అప్పుడే భోజనానికి కూర్చుంటుంది.
మా తమ్ముడు వెయ్‌సెల్ మాత్రం
రెండు తెల్లవి, ఒక పసుపుది అరచేతిలో పోసుకుని
లెక్కపెడతాడు, మళ్లీ లెక్కపెడతాడు,
చిల్లర మీద నమ్మకంలేని కొట్టువాడిలా.

నా ఎడమ పక్కన బెత్తెడు గీత.
అక్కడుండాల్సింది ఇప్పుడు వాడి పొత్తికడుపులో
చెప్పిన పని చేస్తోంది, నీళ్లు వడకడుతోంది.
వాడి నెత్తురు మాత్రం దాన్ని అడగడం మానలేదు,
ఎవరి పిల్లవి? ఎవరు రానిచ్చారు నిన్ను?

డాబా మీద నలభై మూడు పావురాలు.
డాక్టర్ నెర్మిన్ మొదట అడిగింది వాటి గురించే.
రెట్టల ధూళి వద్దు.
పచ్చి మాంసం పిసికి చేసే కోఫ్తా వద్దు.
దానిమ్మ రసం కూడా వద్దు.
మెట్లకు గొలుసు కట్టింది మా మరదలు.
అందుకని నేనే ఎక్కుతున్నా.
దిగాక స్నానం చేసి గానీ వాడి గదిలోకి పోను.
వాడు కిందనుంచి ఈల వేస్తాడు,
పైన అవన్నీ ఒక్కసారి తల తిప్పుతాయి.

ఫిబ్రవరిలో మందు తగ్గించారు,
మూత్రంలో ఏదో వైరస్ తలెత్తిందని.
మార్చిలో క్రియాటినిన్ ఎక్కింది,
మళ్లీ అర మాత్ర పెంచారు.
పెంచిన వారానికి దగ్గు.
"ఇది ఎప్పటికి కుదురుతుంది డాక్టరమ్మా?"
ఆవిడ కాగితం మీద రెండు అంకెలు రాసి
మధ్యలో వేలు పెట్టింది.
"ఇక్కడ. ఇవాళ్టికి ఇక్కడ."

నాకర్థం కాలేదు. వాడికైంది.
బస్సులో చెప్పాడు:
కొత్త పిట్టను గూట్లో వదిలితే
పాతవి పొడిచి చంపుతాయి కదక్కా,
అందుకే మూడు రాత్రులు దుప్పటి కప్పుతాను.
చీకట్లో ఎవరు ఎవరో తెలియదు, పొడవవు.
ఆ చీకట్లోనే పిల్లి వస్తుంది.
వచ్చినా ఒక్కటీ రెక్క కొట్టదు.
పల్చటి దుప్పటి వెతకాలి,
మరీ పల్చన కాదు.

"మూడు రాత్రులయ్యాక తీసేస్తావుగా" అన్నాను.
కిటికీ వైపు తిరిగాడు. పిస్తా తోటలు పోతున్నాయి.
"దీనికి తీయరక్కా."

ఇవాళ పొద్దున పైకెక్కితే
బూడిదరంగు కొత్తది
గింజల పళ్లెం అంచున ఒంటరిగా.
ముసలి పోతు ఒకసారి ముక్కు ఎత్తి, ఎందుకో ఆగింది.
మాస్కు కిందికి లాగి మెట్లమీంచి కేకేశాను,
"పొడవలేదురా!"
కిందనుంచి ఈల రాలేదు.

నోట్లో థర్మామీటర్ ఉందట.