మినిట్స్ పుస్తకం

సంఘం అనడానికి మాకున్నది
దొండపర్తిలో సైకిల్ షాపు మీద ఒక గది,
తాళం పడని బీరువా,
సగం ఆరిన రబ్బరు స్టాంపు.
కింద పంచర్ల చప్పుడు ఆగాకే
మా సమావేశం మొదలవుతుంది.

రగ్బీ అంటే "రగ్గుల యాపారమా?" అంటారు.
బంతి చూపిస్తే "ఇదేటి, కోలగా ఉంది!" అంటారు.

పొద్దున్న పోర్టు వాళ్ళకి అర్జీ,
మధ్యాహ్నం రైల్వే వాళ్ళకి అదే అర్జీ, పేరు మార్చి.
క్రికెట్ కోచింగ్ లేని గంట దొరికిందా,
సున్నం బస్తా స్కూటర్ మీద వేసుకుని
మా కార్యదర్శి పిల్లా అప్పలనర్సయ్యగారు వస్తారు.
షిప్‌యార్డులో ముప్పయ్యేళ్ళు వెల్డింగు చేసిన చేత్తో
గీత గీస్తారు, చెరుపుతారు, మళ్ళీ గీస్తారు.
గీత వంకరైతే తగువు తిన్నగా వస్తుందిరా, అంటారు.

ఆ రోజు జిల్లా ఎంపిక.
పెదజాలారిపేట పిల్ల, సూరాడ మరిడేశ్వరి,
అలలోకి తెప్పను తోసే భుజంతో
రెండుసార్లు చివరి గీత దాటింది.
మూడోసారి ఎవరి మోకాలో కణతకి తగిలింది.
లేచింది. దులుపుకుంది.
బంతిని తిన్నగా తీసుకెళ్ళి
ఎదుటి జట్టు పిల్లకి ఇచ్చింది.

అందరూ నవ్వారు.
ఆయన నవ్వలేదు.
గీత బయటికి పిలిచి "ఇవాళ ఏ వారమమ్మా?" అన్నారు.
"ఎండు చేపలు" అంది.

ఇరవై మూడు రోజులు ఆట లేదని రాశాం.
శనివారమే గుంటూరులో రాష్ట్ర పోటీ.
వాళ్ళ నాన్న వచ్చాడు. కోచ్ వచ్చాడు.
వార్డు పెద్ద ఒకాయన ఫోన్లో అరిచాడు:
"నెత్తురు లేదు, విరిగింది లేదు,
ఆపడానికి మీరెవరండీ?"

నిజమే, ఎవరం?
జీతం లేదు, జీపు లేదు,
ఇచ్చే కప్పు కూడా అరువు కప్పే.
కాదనే మాట ఒక్కటే
మా సొంత ఆస్తి.
స్టాంపు మీద ఊదాను, నొక్కాను.
సగమే పడింది. చాలింది.

గుంటూరులో ఓడాం.
ఎంత తేడాతోనో పుస్తకంలో ఉంది,
ఇక్కడ రాయను.

ఆ పిల్ల రోజూ సాయంత్రం
బడి సంచితో మెట్లెక్కి వస్తుంది.
"ఇంకెన్నండీ?"
నిన్న పుస్తకం తిప్పి చూసి, తొమ్మిది, అన్నాను.
గుమ్మంలో నిలబడి
వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.
"ఎనిమిదండి. మీరు ఆదివారం వదిలేశారు."

లెక్క చూశాను. తప్పు నాదే.
బీరువా పక్కనుంచి
అప్పలనర్సయ్యగారు
ఇప్పుడు నవ్వారు.