ఎర్తు

పోలీసు కుర్రాడు మర్యాదస్తుడే.
టోపీ తీసి మరీ చెప్పాడు:
"అమ్మా, మీరు ఆగుతున్నట్టు వెనకవాళ్లకి తెలియడం లేదు."
చీటీ చింపి ఇచ్చాడు. పది రోజుల గడువు.

డెబ్భై ఒక్కేళ్లలో
నా గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

యాభై మూడో సంవత్సరపు ఫార్గో ట్రక్కు.
నాన్న కొన్నాడు, నెస్టర్ నడిపాడు.
నెస్టర్ పోయాక తాళంచెవి
నా ఏప్రన్ జేబులోకి వచ్చి పడింది.
సస్కాచెవాన్‌లో అక్టోబరు నెల,
కోసేసిన గోధుమ మోళ్ల మీద
జల్లెడ పట్టిన పిండిలా తొలి మంచు.

ఆ కాలపు బండికి వెనకాల ఒక్కటే దీపం, ఎడమవైపు.
ఒక్క బల్బు, లోపల రెండు తీగలు:
సన్నది చీకటికి, లావుది ఆగడానికి.
విప్పి, చెవి దగ్గర పెట్టి ఊపాను
గుడ్డు మురిగిందో లేదో చూసినట్టు.
చప్పుడు లేదు. బతికే ఉంది.

తర్వాత ఫ్యూజు.
గాజు గొట్టానికి చూయింగ్ గమ్ వెండికాగితం చుట్టి ఉంది.
"నెస్టర్!" అని గట్టిగా అరిచాను,
షెడ్డులో కుక్క తప్ప ఎవరూ లేకపోయినా.
కొంప తగలబెట్టే పని అది.
ముప్పై ఏళ్లు తగలబడకుండా నెట్టుకొచ్చాడు మహానుభావుడు.
కొత్తది వేశాను. వెలగలేదు.

అట్టముక్క పరుచుకుని బండి కిందికి దూరాను.
బ్రేకు నూనె తోస్తే కలిసే స్విచ్చు, దానికి రెండు వైర్లు,
గుడ్డ తొడుగు ఎలకలు కొరికినంత మేర కొరికేశాయి.
తల్లోంచి పిన్ను తీసి రెండిటినీ కలిపాను.
పాక్కుంటూ బయటికొచ్చి, మోకాళ్లను తిట్టుకుంటూ చూస్తే
వెనక దీపం మూసిన కన్నులా ఉంది,
ముందు, స్పీడు చూపించే గుండ్రటి అద్దం మాత్రం
మినుకుమినుకుమంటోంది.

ఎవరడిగారు దాన్ని?

పక్క పొలం ఎల్డన్‌కి ఫోన్ చేశాను.
అతను నములుతున్నది మింగి అన్నాడు:
"ఎర్తు అందడం లేదు, స్టెఫానియా.
వచ్చిన కరెంటు తిరిగి ఇల్లు చేరాలి కదా.
దగ్గర దారి మూస్తే
ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు
సన్నతీగలోంచి దూరి, ముందుకెళ్లి,
ఎక్కడ సందు దొరికితే అక్కడ దిగుతుంది."

దగ్గర దారి ఎవరు మూశారు?

నేనే.
నెస్టర్ పోయిన వేసవిలో
చేతులకి పని కావాలని రంగు డబ్బా తెరిచాను.
మూడు పూతలు, ముదురాకుపచ్చ.
తలుపులు, రెక్కలు, దీపం కొక్కెం, దాని బోల్టు,
బోల్టు కింద చట్రం, ఒక్క చోటు వదల్లేదు.
చర్చి దగ్గర అందరూ మెచ్చుకున్నారు.

బంగాళాదుంపల కత్తితో గీకడం మొదలెట్టాను.
ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ,
దాని కింద గుండ్రంగా, రూపాయి బిళ్లంత మేర
నున్నగా అరిగిన ఇనుము.
ప్రతి ఏడూ కోతలయ్యాక ఆకురాయి పట్టుకుని
వాడు ఇక్కడే చతికిలబడేవాడు.
తుప్పు వదిలిస్తున్నాడనుకున్నానా, లేక
అసలేమీ అనుకోలేదా, గుర్తులేదు.

నా పనల్లా వెనకాల నిలబడటం.
వాడు పెడలు తొక్కి "ఇప్పుడు?" అనేవాడు.
"లేదు."
"ఇప్పుడు?"
"ఆఁ, వెలిగింది."
పెళ్లిళ్లు చేసుకోని అన్నాచెల్లెళ్లం,
ఏడాది పొడుగునా మేం మాట్లాడుకున్న వాటిలో
అదే పొడుగాటి సంభాషణేమో.

బోల్టు బిగించాను.
వెనకాల నిలబడే మనిషి లేక
ధాన్యపు కొట్టు తెల్ల గోడ దాకా
బండిని వెనక్కి నడిపించాను.
సాయంత్రం అయిదున్నర, పొద్దు వాలిపోయింది.
పెడలు తొక్కి అద్దంలోకి చూశాను.

గోడ మీద బీట్‌రూట్ పులుసు ఒలికినట్టు ఎరుపు.
కాలు తీశాను, తెలుపు.
తొక్కాను.

"వెలిగింది," అన్నాను.
వినపడే గొంతుతోనే.

కాలు తియ్యడానికి కాస్త ఆలస్యం చేశాను.
ఫరవాలేదు, బ్యాటరీ కొత్తదే.