పావు మెలిక

జనపమిల్లులో పద్దెనిమిదేళ్లు
మగ్గాల మధ్య నిలబడి
చెవులు రెండూ అక్కడే ఒగ్గేసి వచ్చినవాడు
లెంక గురువులు.
లాకౌటైన ఏడాది
చీపురుపల్లి దాటాక గరివిడి రోడ్డులో
రేకుల షెడ్డు వేశాడు.
పానాలు కొన్నాడు. చెవులు దొరకలేదు.
అందుకని నన్ను పెట్టుకున్నాడు.

పదమూడేళ్లు నాకు.
రోజుకి ఇరవై రూపాయలు, మధ్యాహ్నం చోడంబలి.
పని: వినడం.

టైమింగ్ బెల్టు గొలుసు కాదు,
లోపలివైపు పళ్లున్న రబ్బరు.
కింద క్రాంకు రెండు చుట్లు తిరిగితే
పైన క్యాము ఒక్క చుట్టు తిరగాలి.
ఆ లెక్క తప్పకుండా చూసేది
బిగువొక్కటే.

గురువులు గేజీ ముట్టేవాడు కాదు.
బెల్టు పొడుగ్గా సాగే చోట
బొటనవేలూ చూపుడువేలూ వేసి
మెలితిప్పేవాడు,
దూడ చెవి పట్టుకున్నట్టు.
పావు మెలిక దగ్గర ఆగితే సరి.
అంతదాకా రానని మొరాయిస్తే బిగువెక్కువ.
దాటిపోతే వదులు.
టెన్షనరు బోల్టు మీద పద్నాలుగు నంబరు పానా
వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు.
ఆనక క్రాంకుని చేత్తోనే
రెండు చుట్లు తిప్పి
గుర్తుకి గుర్తు ఎదురొచ్చిందో లేదో
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చూసేవాడు.
ఇంజను స్టార్టు చేసి
నా మొహం చూసేవాడు.

కుయ్యిమంటే బిగిసిపోయినట్టు,
వాటర్ పంపు బేరింగుని తినేస్తుంది.
కవరుకి తప్‌తప్ తగిలితే
ఎక్కడో ఓ చోట పన్ను జారుతుంది.
నేను తల అడ్డంగా ఊపితే మళ్లీ విప్పేవాడు.
నిలువుగా ఊపితే బీడీ.

సిరిమాను మంగళవారం.
కలిశెట్టి త్రినాథు డీజిలు టాక్సీ.
రెండింటి బస్సు దాటితే
ఇజీనారంలో మాను తిరిగిపోద్ది.
కవరు లోపల ఎక్కడో
చెప్పుల్లేని పాదం నడిచినంత చప్పుడు.

విన్నాను.
నిలువుగా ఊపాను.

మాను చూశాను.
అంత ఎత్తున ఊగుతున్న పూజారి మీదికి
అందరితోపాటు అరటిపళ్లు విసిరాను.
ఒకటి తగిలింది కూడా.

నాలుగోనాడు తాడు కట్టి లాక్కొచ్చారు టాక్సీని.
సీతంపేట ఘాట్లో రెండు పళ్లు జారిందట.
డిక్కీ నిండా సంతకి పోవాల్సిన సీతాఫలాలు
మగ్గి, పగిలి,
షెడ్డంతా తీపి వాసన.
ఇప్పటికీ ఆ పండు నేను తినను.

గురువులు హెడ్డు విప్పాడు.
ఎనిమిదిలో అయిదు వాల్వులు
పిస్టన్లకి దండం పెట్టినట్టు వంగున్నాయి.
గోనెపట్టా మీద వరసగా పేర్చాడు.
నా వైపు తిరగకుండానే
"నా సేతి తప్పే బాబూ,
మెలిక దాటిపోనాది, నాను సూసుకోనేదు"
అన్నాడు త్రినాథుతో.
చీటీ ఆ నెలే పాడేసుకున్నాడు,
సగానికి సగం పోగొట్టుకుని.

రాత్రి తలుపు రేకు దగ్గరికి లాగుతూ
"ఇనపడ్డాది గదేటిరా?"
అన్నాడు.
చెవిటివాడికి అబద్ధం చెప్పడం ఎంత సులువో
నాకు అప్పటికే తెలుసు.
తల నిలువుగా ఊపాను.
"రేపు బేగి రా" అన్నాడు.
అంతే.

రాజాంలో ఇప్పుడు నా షెడ్డు.
చొక్కా తగిలించుకునే మేకు పక్కన
వంగిన వాల్వొకటి వేలాడుతుంటుంది.
మొన్న మా కుర్రాడు రొంగలి సూరి
బెల్టుని మీటి, ఫోను దగ్గరపెట్టి
బిగువు ఎంతో అంకె చెప్పాడు.
సరైన అంకే.
అయినా రెండు వేళ్లు వేసి తిప్పాను.
పావు దగ్గర ఆగింది.

నా చెవులు బాగానే ఉన్నాయి.
అయినా స్టార్టు చేసి
వాడి మొహమే చూస్తాను.
మంగళవారాలు
రెండుసార్లు అడుగుతాను.